నగల లోహం, సూదిమందు

తెనాలి దగ్గరి ఒక పల్లె నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. వారి తల్లిగారికి గర్భాశయ ముఖద్వారం దగ్గర రాచపుండు ఉన్నదని తేలిందట. రాచపుండంటే ఇప్పుడు అందరూ కేన్సరు అంటున్నారే, అదే. అయిదారు వారాలు "కరెంటు" పెట్టాలనీ, దానితోపాటు వారానికి ఒకసారి సిస్‌ప్లాటిన్ అనే మందు సెలైనులో ఎక్కించాలనీ డాక్టర్లు చెప్పారట.

"అందులో ప్లాటినం ఉందంటున్నారు, నిజమేనా? నగలు చేసే లోహాన్ని నరంలోకి ఎక్కించడం ఏమిటి? మా పెద్దనాన్నగారు 'లోహం ఒంట్లోకి పోతే తిరిగి రాదు, ఆ విషం మనకెందుకు, నాకు తెలిసిన ఆయన భస్మం ఇస్తాడు, గుణం కనిపిస్తుంది' అంటున్నారు. అమ్మ ఆయన మాట ఎప్పుడూ తీసెయ్యలేదు. వచ్చే సోమవారం లోపల ఏదో ఒకటి తేల్చుకోవాలి" అని రాశారు.

ఈ సంచిక అచ్చయి వారి చేతికి అందేలోగా ఆ సోమవారం దాటిపోతుంది. అందుకని ఆమెకు విడిగా జాబు రాశాను. అందులో రాసిన సంగతులే మరికొన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను. వైద్యం సంగతి వారి డాక్టరుగారే చెప్పాలి. లోహం సంగతి మాత్రం చెప్పగలను.

ముందుగా పెద్దనాన్నగారి మాట. లోహం ఒంట్లో ఉండకూడదంటే మనలో ఎవ్వరమూ బ్రతకలేం. నెత్తురు ఎర్రగా ఉండటానికి అందులోని ఇనుము కారణం. గోంగూర ఆకు పచ్చదనంలో మెగ్నీషియం ఉన్నది. నీరసానికి డాక్టర్లు రాసే బి-12 విటమిన్ నడిబొడ్డున కోబాల్టు పరమాణువు కూచుని ఉంటుంది. దాని రూపాన్ని ఎక్స్-కిరణాలతో తేల్చి చెప్పిన డొరతీ హాడ్జ్‌కిన్ అనే ఆంగ్ల మహిళకు 1964లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అయితే వీటిలో ఏ లోహమూ ఒంటరిగా ఉండదు. చుట్టూ వేరే పరమాణువుల గుంపులు చేరి దాన్ని పట్టుకుని ఉంటాయి. ఇలా నడుమ లోహమూ, చుట్టూ దాన్ని అంటిపెట్టుకున్న గుంపులూ ఉండే పదార్థాలకు సమన్వయ సమ్మేళనాలని పేరు. లోహం ఎలాంటిదన్నది ఎంత ముఖ్యమో, దాని చుట్టూ ఎవరున్నారన్నదీ అంతే ముఖ్యం. గాడొలీనియం అనే లోహం విడిగా నెత్తురులో కలిస్తే విషం. దాన్నే గట్టిగా పట్టుకోగల అణువులో బంధించి, ఎం.ఆర్.ఐ. ఫోటో తీసేముందు ఎక్కిస్తున్నారు. ఆ బంధం వీడకుండానే అది చాలా వరకు మూత్రంలో బయటికి పోతుంది.

ఈ చుట్టూ చేరే గుంపుల లెక్క మొదట తేల్చినవాడు ఆల్ఫ్రెడ్ వెర్నర్. 1893లో, అప్పటికి ఆయన వయస్సు ఇరవయ్యారు. ఒకనాటి రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి రాయడం మొదలుపెట్టి మర్నాటి సాయంకాలానికి సిద్ధాంతం పూర్తి చేశాడని చెప్పుకుంటారు. ప్లాటినానికి నాలుగు గుంపులు చేరితే అవి చదరపు పీట నాలుగు మూలల్లో కూచున్నట్టు కూచుంటాయనీ, నడుమ ప్లాటినం ఉంటుందనీ ఆయన చెప్పాడు. ఈ పీట సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు అసలు కథ.

అమెరికాలో మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అని ఒక ఆచార్యుడు ఉండేవాడు. చదువుకున్నది భౌతికశాస్త్రం. తరవాత జీవశాస్త్రం వైపు మనస్సు మళ్ళింది. ఒక కణం రెండుగా చీలేటప్పుడు దాని లోపల సన్నని పోగులు ఈ కొసనుంచి ఆ కొసకు విల్లులా వంగి కనిపిస్తాయి. అయస్కాంతం మీద కాగితం పరిచి ఇనపరజను చల్లితే కనిపించే గీతల్లాగే ఉంటాయవి. అది చూసి ఆయనకు ఒక ఊహ తోచింది: కణం చీలడంలో విద్యుత్తుకో అయస్కాంత శక్తికో పాత్ర ఉన్నదేమో?

ఊహను పరీక్షించాలంటే పెరిగే కణాల మధ్యకు విద్యుత్తు పంపి చూడాలి. ముందు పరికరం సరిగా పనిచేస్తుందో లేదో చూద్దామని మన పేగుల్లో ఉండే ఒక బాక్టీరియాను పోషక ద్రవంలో పెంచారు. అందులోకి రెండు ప్లాటినం ఎలక్ట్రోడులు దించారు. ప్లాటినమే ఎందుకంటే అది దేనితోనూ కలవదు, దేనినీ పాడుచేయదు, కాబట్టి ప్రయోగానికి అడ్డురాదు అని! ఆయన తోటి పనిచేసే లొరెట్టా వాన్ కాంప్ అనే ఆమె ఈ ప్రయోగాలు నడిపేది.

విద్యుత్తు పంపగానే బాక్టీరియా సంఖ్య తగ్గసాగింది. సూక్ష్మదర్శినిలో చూస్తే వింత! పొట్టి పొట్టి కడ్డీల్లా ఉండవలసినవి పొడుగాటి దారాల్లా సాగిపోయి ఉన్నాయి. కొన్నయితే మామూలు పొడుగుకు 300 రెట్లు! అంటే అవి చావలేదు, పెరుగుతూనే ఉన్నాయి, కాని రెండుగా చీలడం మానేశాయన్నమాట. విద్యుత్తు ఆపితే మళ్ళీ చీలడం మొదలు.

మరొకడయితే "నా ఊహ నిజమయింది" అని ఆ సాయంకాలమే పత్రికలకు రాసి ఉండేవాడు. రోజెన్‌బర్గ్ రాయలేదు. నాకు ఈ కథలో ఆయన ఎక్కువగా నచ్చేది ఇక్కడే. విద్యుత్తు పంపిన ద్రవాన్ని తీసి, విద్యుత్తు జోలి లేకుండా వేరే బాక్టీరియా మీద పోసి చూశారు. అవీ దారాలయ్యాయి! అంటే పని చేసింది విద్యుత్తు కాదు, ద్రవంలో పుట్టిన ఏదో పదార్థం. ఏమిటది? వెతగ్గా వెతగ్గా తెలిసింది: దేనితోనూ కలవదనుకున్న ప్లాటినమే కొంచెం కొంచెం కరిగి, ద్రవంలోని అమ్మోనియం క్లోరైడుతో కలిసి, వెలుతురు సాయంతో కొత్త సమ్మేళనంగా మారింది. అమోనియా గుంపులూ క్లోరిన్లూ ప్లాటినం చుట్టూ చేరాయి. థామస్ క్రిగాస్ అనే విద్యార్థి కూడా ఈ వెతుకులాటలో చేరాడు. ముగ్గురూ కలిసి 1965లో నేచర్ పత్రికలో దీన్ని ప్రకటించారు. ఎలక్ట్రోడులు ప్లాటినంవి కాక మరి దేనివైనా అయి ఉంటే ఈ కథే లేదు.

తమాషా ఏమిటంటే ఆ పదార్థాల్లో ముఖ్యమైనది కొత్తదే కాదు. 1844లోనే మికేల్ పైరోన్ అనే ఇటలీ రసాయనజ్ఞుడు దాన్ని తయారుచేశాడు. పసుపుపచ్చని పొడి. నూట ఇరవై ఏళ్ళపాటు అది రసాయనశాస్త్ర గ్రంథాల్లో ఒక మూల పడి ఉన్నది. పరీక్షలకు చదివే పిల్లలు దాని పేరు వల్లెవేసి మరచిపోయేవారు. కోట్లమందిని చంపే వ్యాధికి అందులో మందున్నదని ఎవరు కలగంటారు?

రాచపుండంటే కణాలు ఆపూ అదుపూ లేకుండా చీలడమే. చీలడాన్ని ఆపే పదార్థం దొరికింది కనుక దాన్ని కేన్సరు మీద ఎందుకు ప్రయోగించకూడదని రోజెన్‌బర్గ్ అనుకున్నాడు. 1968లో కంతులున్న చుంచెలుకలకు ఇచ్చి చూస్తే పెద్ద పెద్ద కంతులు సైతం కరిగిపోయాయి. 1969లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అయినా వైద్యుల్లో చాలామంది వెనకాడారు. బరువైన లోహాలంటే విషాలని వారికీ భయమే. కాబట్టి అమ్మా, మీ పెద్దనాన్నగారి భయం ఆయన ఒక్కరిదే కాదు, తెలివితక్కువదీ కాదు.

ఆ భయానికి కారణం త్వరలోనే కనబడింది కూడా. 1970 తరవాత మొదటి రెండేళ్ళలో రోగులకు ఇచ్చినప్పుడు కంతులు తగ్గిన మాట నిజమే, కాని మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వాంతులు ఒక పట్టాన ఆగేవి కావు. మందును మూలన పడేయవలసిందే అనుకున్నారు కొందరు. దాన్ని నిలబెట్టినది చాలా సామాన్యమైన వస్తువు: నీళ్ళు. మందుకు ముందూ వెనకా సెలైను ధారాళంగా ఎక్కించి, మూత్రం బాగా వచ్చేట్టు చేస్తే మూత్రపిండాలకు హాని ఎంతో తగ్గుతుందని న్యూయార్కు వైద్యులు కనిపెట్టారు. మీ అమ్మగారిని ఆస్పత్రిలో గంటల తరబడి సెలైనుకు కట్టి ఉంచుతారు చూడండి, విసుక్కోవద్దు. అది మందులో సగం.

1974లో ఇండియానా రాష్ట్రంలో లారెన్స్ ఐన్‌హార్న్ అనే డాక్టరు, వృషణాల కేన్సరు ఒళ్ళంతా పాకిన ఒక యువకుడికి ఈ మందును మరి రెండింటితో కలిపి ఇచ్చాడు. ఆ రెండింటిలో ఒకటి విన్‌బ్లాస్టిన్. అది మన దొడ్లో పూచే బిళ్ళగన్నేరులోంచి తీసినది! ఆ యువకుడికి పూర్తిగా నయమయింది. అంతకుముందు ఆ దశకు వచ్చినవారిలో పదిమందికి ఒకరు బ్రతికితే గొప్ప. ఇప్పుడు ఎనిమిదిమంది దాకా బ్రతుకుతున్నారు. 1978 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం సిస్‌ప్లాటిన్‌ను మందుగా అంగీకరించింది. మీ అమ్మగారి వ్యాధి విషయానికి వస్తే, అయిదు చోట్ల జరిగిన పరీక్షల ఫలితాలు చూసి 1999 ఫిబ్రవరిలో అమెరికా కేన్సర్ సంస్థ డాక్టర్లందరికీ ప్రత్యేకంగా హెచ్చరిక పంపింది. కిరణాలు ఒక్కటే పెట్టకండి, వాటితోపాటు సిస్‌ప్లాటిన్ కూడా ఇవ్వండి, మరణభయం నూటికి 30 నుంచి 50 వంతులదాకా తగ్గుతున్నది అని. అన్నట్టు మీరు "కరెంటు" అని రాసినది విద్యుత్తు కాదు. ఎక్స్-కిరణాల జాతికి చెందిన బలమైన కిరణాలు.

ఇక ఆ పీట సంగతి. ప్లాటినం నడుమ, నాలుగు మూలల్లో రెండు అమోనియాలు, రెండు క్లోరిన్లు. వాటిని రెండు విధాలుగా కూచోబెట్టవచ్చు. రెండు క్లోరిన్లూ పక్కపక్క మూలల్లో కూచుంటే సిస్. ఎదురెదురు మూలల్లో కూచుంటే ట్రాన్స్. పెళ్ళి పంక్తిలో వియ్యపురాళ్ళను పక్కపక్కన వేయడానికీ ఎదురెదురుగా వేయడానికీ ఎంత తేడా ఉంటుందో మీకు నేను చెప్పాలా! ఇక్కడా అంతే. అవే పరమాణువులు, అదే బరువు. పక్కపక్కవాటిది మందు. ఎదురెదురువాటితో కేన్సరుకు ప్రయోజనం లేదు.

ఎందుచేతనంటే, నెత్తురు ఉప్పన. అందులో క్లోరైడు ఎక్కువ కనుక ప్లాటినం నుంచి క్లోరిన్లు ఊడిరావు. మందును ఉప్పునీటిలోనే కలిపి ఎక్కించేదీ అందుకే. కణం లోపల క్లోరైడు బాగా తక్కువ. అక్కడికి చేరగానే క్లోరిన్లు జారిపోయి, ఆ మూలలు రెండూ ఖాళీ అవుతాయి. కణంలో డి.ఎన్.ఏ. అని మెలితిరిగిన నిచ్చెన ఒకటి ఉంటుంది, వంశపు లెక్కలన్నీ అందులోనే రాసి ఉంటాయి. దాని మెట్లలో పక్కపక్కనున్న రెండింటిని ప్లాటినం తన పక్కపక్క చేతులతో పట్టేసుకుంటుంది. నిచ్చెన అక్కడ వంగిపోతుంది. కణం మరమ్మతుకు ప్రయత్నిస్తుంది, చేతకాదు, చివరకు తనంతట తాను చస్తుంది. చేతులు ఎదురెదురుగా ఉన్నవాడికి ఆ పట్టు చిక్కదు. మరి మంచి కణాల మాట? అవీ కొన్ని చిక్కుకుంటాయి. త్వరత్వరగా చీలే కణాలకు దెబ్బ ఎక్కువ కనుక కేన్సరుకు ఎక్కువ, మనకు కొంత.

పక్కపక్కనే కూచోబెట్టడం ప్రయోగశాలలో అంత తేలిక కాదు. ఏమరుపాటున ఉంటే రెండూ కలిసి వస్తాయి. దీనికి చక్కని ఉపాయం చెప్పినది మన దేశపు పత్రికే. 1970లో ఇండియన్ జర్నల్ ఆఫ్ కెమిస్ట్రీలో ఎస్. సి. ధారా అనే ఆయన ఒక చిన్న వ్యాసం రాశారు. ఎర్రని ప్లాటినం లవణద్రావణంలో పొటాషియం అయొడైడు వేస్తే క్లోరిన్ల చోట అయొడిన్లు వచ్చి నల్లబడుతుంది. దానిలో అమోనియా పోస్తే పసుపుపచ్చని మడ్డి దిగుతుంది. తన ఎదురుగా ఉన్నవాణ్ణి లేవగొట్టే గుణం అమోనియా కన్న అయొడిన్‌కు ఎక్కువ. ఈ గుణాన్ని 1926లో చెర్నయేవ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు పసిగట్టాడు. అందుచేత రెండు అమోనియాలూ పక్కపక్కనే వచ్చి కూచుంటాయి. తరవాత వెండి నైట్రేటు వేసి అయొడిన్లను వెండితో కలిపి వడగట్టేస్తారు, ఆ పైన పొటాషియం క్లోరైడు వేస్తారు. అంతే, పైరోన్ పసుపు పొడి తయారు. ఈ నాటికీ ప్రపంచంలో ఎక్కడ ఎవరు ఈ మందు తయారీ గురించి రాసినా ధారాగారి పేరు తలుచుకుంటారు. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఆ పేరు నాకు ఎక్కడా కనబడలేదు.

సిస్‌ప్లాటిన్ తరవాత రసాయనజ్ఞులకు ఆశ పెరిగింది. 1989లో మూత్రపిండాల మీద కొంత దయగల కార్బోప్లాటిన్ వచ్చింది. పెద్దపేగు కేన్సరుకు ఆక్సాలిప్లాటిన్ వచ్చింది. మన విశ్వవిద్యాలయాల్లోనూ రాగి, కోబాల్టు, నికెలు, జింకులతో ఇలాంటి సమ్మేళనాలు తయారుచేసి డాక్టరేట్లు పుచ్చుకుంటున్న పిల్లలు చాలామంది ఉన్నారు. మీ ఇంట్లోనే ఒకరు ఉండవచ్చు. బాక్టీరియా పెరిగే పళ్ళెంలో మందు చుక్క వేసి చుట్టూ ఎంత మేర ఖాళీ అయిందో కొలుస్తారు. కేన్సరు కణాల మీద మందు పోసి, తరవాత పసుపురంగు రసాయనం ఒకటి కలుపుతారు. బ్రతికున్న కణాలు దాన్ని ఊదారంగుకు మారుస్తాయి. రంగు ఎంత తగ్గితే అన్ని చచ్చినట్టు. ఇదంతా చేయవలసిన పనే. కాని పళ్ళెంలో చావడం వేరు, ఒంట్లో చావడం వేరు. బ్లీచింగు పొడి కూడా పళ్ళెంలో ఏ బాక్టీరియానైనా చంపుతుంది. మంచి కణాల మీద పోస్తే ఏమయింది? లోహం ఒక్కటే పోస్తే ఏమయింది, చుట్టూ ఉన్న గుంపు ఒక్కటే పోస్తే ఏమయింది? ఈ ప్రశ్నలు వేయని వ్యాసాలు నేను చాలా చదివాను. రోజెన్‌బర్గ్ ఒక్క ప్రశ్న వేయకపోతే ఆ మందు విద్యుత్తు ఖాతాలో పడిపోయేది కదా!

భస్మం దగ్గరకు వస్తాను. మన దేశంలో లోహం మందు కాలేదని నేను అనను. 1920లో కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి గారు గ్యాసూ కుళాయీ లేని చిన్న గదిలో, పొగచూరిన లాంతరు వెలుతురులో, ఆంటిమొనీ లోహంతో యూరియా స్టిబమైన్ అనే మందు చేశారు. కాలా అజార్ అనే జ్వరం పట్టుకున్నవారు బ్రతకడమే అరుదుగా ఉన్న రోజులవి. ఆ మందు లెక్కలేనంత మందిని బ్రతికించింది. కాని ఆయన ఎంత మోతాదు ఇచ్చిందీ, ఎందరికి ఇచ్చిందీ, ఎందరు బ్రతికిందీ కాగితం మీద పెట్టారు. మీ పెద్దనాన్నగారికి తెలిసినాయన పొట్లంలో ఏమున్నదో, ఎంత ఉన్నదో ఎవరు చెబుతారు? 2004లో అమెరికాలోని బోస్టన్ నగరపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 వాటిలో సీసమో పాదరసమో పాషాణమో కనిపించింది. ఆ లోహాలు పోయేది మూత్రపిండాల మీదికే, సిస్‌ప్లాటిన్ పోయేదీ వాటి మీదికే. కాబట్టి రెండూ కలిపి మాత్రం వాడవద్దు. ఇది నేను కచ్చితంగా రాశాను. పెద్దనాన్నగారిని డాక్టరుగారి దగ్గరకు వెంటబెట్టుకుని వెళ్ళి ఆయన ఎదుటే ఈ ప్రశ్న అడగమన్నాను. పెద్దవారికి ఉత్తరంలో చెప్పేకన్న ఎదుట కూచోబెట్టి చెబితే మన్నన.

ఆయన అన్న మాటలో ఒక నిజమూ ఉన్నది, దాచను. ప్లాటినం చాలావరకు మూత్రంలో పోయినా లేశమాత్రం ఒంట్లో మిగులుతుంది. ఇరవై ఏళ్ళ కిందట ఈ మందు పుచ్చుకున్నవారి నెత్తురులోనూ జాడ కనిపించింది. చెవిలో హోరు, అరికాళ్ళ తిమ్మిరి కొందరికి మిగిలిపోతాయి. మీ అమ్మగారికి వినికిడి ఏ మాత్రం తగ్గినట్టున్నా వెంటనే చెప్పండి. పిల్లల్లో ఈ చెవుడు రాకుండా కాపాడటానికి 2022లో అమెరికాలో ఒక మందుకు అనుమతి ఇచ్చారు. అది మరేదో కాదు, పాతకాలపు ఫోటో స్టూడియోలలో ఫోటోలు కడిగిన హైపోయే! వాంతులకు ఇప్పుడు మంచి మందులున్నాయి. జుట్టు సామాన్యంగా ఈ మందు ఒక్కదానివల్ల పూర్తిగా ఊడదు.

ప్లాటినం ఖరీదు గురించి కూడా అడిగారు. మీ అమ్మగారి పాటి మనిషికి వారానికి ఇచ్చే మందులో ఉండే లోహం సుమారు నలభై మిల్లీగ్రాములు, అంటే గురిగింజ ఎత్తులో మూడోవంతు. కేన్సరు మందులన్నింటిలో చవకైనవాటిలో ఇది ఒకటి. ప్రభుత్వపు అత్యవసర మందుల పట్టికలోనూ ఉన్నది.

ఉత్తరం చివర, వేరే సిరాతో, బహుశా తల్లిగారే చెప్పి రాయించి ఉంటారు, ఒక ప్రశ్న ఉన్నది: లోహపు మందు ఎక్కించేటప్పుడు చేతి బంగారు గాజులు తీసేయాలా అని. ఆ మందుకూ గాజులకూ సంబంధం లేదు. సూది గుచ్చే చేతికి అడ్డం వస్తే నర్సమ్మ కాస్త పైకి జరపమంటుంది. ఎం.ఆర్.ఐ. గదిలోకి వెళ్ళేనాడు మాత్రం ఒంటిమీది బంగారమంతా ఇంటి దగ్గరే ఉంచి వెళ్ళాలి. మట్టిగాజులు ఉండవచ్చు.